మూత్రపిండాల శోథ – ప్రాణవాయువు కథ

కోనసీమ అనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేవి కొబ్బరితోటలు, అరటితోటలు, గోదావరి కాలువలు. గౌతమీ తీరాన ఆత్రేయపురం మండలంలో ఉన్న వాడపల్లి గ్రామానికి శనివారంనాడు వేంకటేశ్వరస్వామి దర్శనార్థం వేలాది జనం వస్తారు. ఎండన పడి వచ్చిన యాత్రికునికి ఒక కొబ్బరిబోండం కొట్టి చేతికిస్తే ప్రాణం లేచివస్తుంది. అయితే అదే బోండం నీరు మూత్రపిండాలు బాగా చెడినవానికి ప్రాణాపాయం తెచ్చిపెట్టవచ్చు. అరటిపండు సంగతీ అంతే. ఒకరికి అమృతమైనది మరొకరికి విషమెందుకవుతుంది?

ఈ ప్రశ్న నేడు మనకు చాలా అవసరమైనది. ఎందుకంటే యాంటీ ఆక్సిడెంట్లు అనే మాట పట్టణాలలోనే గాక పల్లెలలో కూడా వినబడుతున్నది. ఫలానా పొడి తింటే మూత్రపిండాలు శుభ్రపడతాయనీ, ఫలానా మాత్ర వేసుకొంటే వాటి వాపు తగ్గిపోతుందనీ ప్రకటనలు వస్తున్నాయి. ఈ మాటలలో కొంత సత్యం ఉన్నది. కాని ఆ కొంత సత్యానికీ పూర్తి సత్యానికీ మధ్య దూరం చాలా ఉన్నది. ఆ దూరాన్ని వైద్యశాస్త్రం సుమారు 200 సంవత్సరాలలో ఎట్లా నడిచివచ్చిందో తెలుసుకొంటే, ప్రకటనలను ఎట్లా పరీక్షించాలో మనకే బోధపడుతుంది.

చెంచా, కొవ్వొత్తి

ఒళ్లు నీరు పట్టి ఉబ్బడమనే వ్యాధి ప్రాచీనులకు తెలియనిది కాదు. చరకసంహిత సూత్రస్థానంలో త్రిశోథీయమనే అధ్యాయమే ఉన్నది. రోము నగరంలో క్రీస్తుశకం 1వ శతాబ్దంలో సెల్సస్ అనే రచయిత శోథకు నాలుగు లక్షణాలు చెప్పాడు. అవి ఎరుపు, వాపు, వేడి, నొప్పి. కాని ఒంటికి పట్టిన నీటికీ నడుము వెనుక దాగి ఉన్న మూత్రపిండాలకూ గల సంబంధం స్పష్టంగా రుజువు కావడానికి 19వ శతాబ్దం వరకు ఆగవలసివచ్చింది.

లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన ఒళ్లు ఉబ్బిన రోగుల మూత్రాన్ని ఒక చెంచాలో తీసుకొని కొవ్వొత్తి మంట మీద వేడిచేసేవాడు. కొందరి మూత్రం కోడిగ్రుడ్డు తెల్లసొన మాదిరిగా తెల్లగా గడ్డకట్టేది. అనగా రక్తంలో ఉండవలసిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోతున్నదన్నమాట. అటువంటివారు మరణించినప్పుడు శరీరాన్ని కోసి చూస్తే మూత్రపిండాల రూపం మారిపోయి ఉండేది. ఉబ్బు, మూత్రంలో ఆల్బుమిన్, చెడిన మూత్రపిండాలు – ఈ మూడింటినీ ఒక్క త్రాటిపై కట్టి బ్రైట్ 1827లో తన గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ తరువాత చాలాకాలం మూత్రపిండాల శోథను బ్రైట్ వ్యాధి అనే పిలిచేవారు.

ఈ పరీక్షలో ఖర్చుతో కూడిన పరికరమేదీ లేదు. నేటికీ మూత్రంలో ఆల్బుమిన్ కనబడడం మూత్రపిండాల వ్యాధికి తొలి హెచ్చరికలలో ఒకటి. రోగికి నొప్పి తెలియకముందే ఈ హెచ్చరిక కనబడుతుంది.

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. బడిపిల్లలలో గొంతునొప్పిగాని, చర్మంపై చీముపుండ్లుగాని వచ్చిన ఒకటి రెండు వారాలకో, మరికొంత ఆలస్యంగానో, కొందరికి ఉదయం లేవగానే ముఖం ఉబ్బి ఉంటుంది. మూత్రం తక్కువగా, టీ కషాయం రంగులో వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవులతో శరీరం చేసిన పోరాటంలో మూత్రపిండాలు శోథకు గురికావడమే దీనికి కారణం. చాలమంది పిల్లలు తగిన చికిత్సతో కోలుకొంటారు. కాని దానిని గుర్తించి వెంటనే వైద్యుని వద్దకు పంపడం పెద్దల బాధ్యత.

జల్లెడ, దాని శ్రమ

మూత్రపిండాలు రెండూ కలిసి సుమారు 300 గ్రాముల బరువుంటాయి. అనగా శరీరపు బరువులో అర శాతం కూడా కాదు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు అయిదవ వంతు వాటికే వెళుతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉన్నాయి. ప్రతి నెఫ్రాన్ మొదట సన్నని కేశనాళికల గుచ్ఛం ఒకటి ఉంటుంది. అది జల్లెడ వంటిది. దాని చుట్టూ ఉన్న గిన్నె వంటి నిర్మాణాన్ని 1842లో విలియం బోమన్ వివరించాడు.

రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం ఈ జల్లెడలగుండా దిగుతుంది. అంతా మూత్రంగా పోతే మనిషి ఒక్కపూట బ్రతకడు. అందుచేత నాళికల గోడలలోని కణాలు ఆ ద్రవంలోని నీటినీ, లవణాలనూ, చక్కెరనూ తిరిగి రక్తంలోకి తోడుకొంటాయి. చివరకు మిగిలేది ఒకటిన్నర లీటర్లు. మన చేలలో మోటారు నీరు తోడాలంటే కరెంటు కావాలి కదా! అట్లాగే ఈ కణాలకు శక్తి కావాలి. ఆ శక్తి కోసం అవి రక్తంలోని ఆమ్లజనిని విస్తారంగా వాడుకొంటాయి. మన కథలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ చిక్కు తెలియాలంటే ముందు మన తెలుగువాడొకని కృషిని తలచుకోవాలి.

భీమవరం నుంచి బోస్టన్‌కు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. రాజమండ్రిలోనూ తరువాత మద్రాసులోనూ చదివాడు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో మరణించారు. వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరి, హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన ప్రారంభించాడు. వారిద్దరూ 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే సులభమైన పద్ధతిని ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో జీవరసాయన శాస్త్రం చదివినవారందరికీ అది తెలుసు.

ఆ పద్ధతి ఇట్లా పనిచేస్తుంది. రక్తం నుంచి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవానికి ఆమ్లంలో మాలిబ్డేట్ అనే లవణాన్ని కలుపుతారు. భాస్వరం దానితో కూడుతుంది. తరువాత ఎలక్ట్రాన్లను దానం చేసే మరొక పదార్థాన్ని కలిపితే ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. మూత్రపిండాలు చెడినప్పుడు బయటకు పోవలసిన భాస్వరం రక్తంలో పేరుకొంటుంది. కాబట్టి ఈ నీలిరంగు రోగి స్థితిని వైద్యునికి చెప్పగలదు.

ఈ పరీక్షకూ మన విషయానికీ మరొక సంబంధం కూడా ఉన్నది. మాలిబ్డేట్‌ను నీలంగా మార్చేది ఎలక్ట్రాన్ల దానం. యాంటీ ఆక్సిడెంటు చేసే పని కూడా అదే. స్పెయిన్ దేశ పరిశోధకులు 1999లో ఇటువంటి రంగు మార్పునే మరొక పనికి వాడుకొన్నారు. భాస్వరాన్ని తెలిసినంతగా ఉంచి, పరీక్షించదలచిన పదార్థాన్ని కలిపి, రంగు ఎంత వచ్చిందో చూసి, ఆ పదార్థానికి ఎలక్ట్రాన్లను దానం చేసే శక్తి ఎంతో లెక్కకట్టారు. నేడు మన కళాశాలలలో ఆకులలోనూ కాయలలోనూ యాంటీ ఆక్సిడెంటు శక్తిని కొలిచే విద్యార్థులు పలువురు ఈ పద్ధతినే అనుసరిస్తున్నారు.

ఫిస్క్, సుబ్బారావులు 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేసి చూపారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. మూత్రపిండాల నాళికలు రాత్రింబగళ్లు తోడే యంత్రాలకు ఇంధనం ఈ ఏటీపీయే. దానిని తయారుచేసేది కణంలోని మైటోకాండ్రియాలు. అందుకు వాటికి కావలసినది ఆమ్లజని.

ప్రాణవాయువులోని కీడు

ఆమ్లజనికి ప్రాణవాయువని మనం పేరుపెట్టుకొన్నాం. కాని ఇనుమును తుప్పు పట్టించేదీ, నిలవ నూనెను చెడగొట్టేదీ అదే. విద్యార్థులు ఇంటిలోనే ఒక ప్రయోగం చేసి చూడవచ్చు. ఒక పచ్చి అరటికాయను చక్రాలుగా తరగండి. కొన్ని ముక్కలను పళ్లెంలో గాలికి వదలండి. కొన్నింటిని నిమ్మరసం కలిపిన నీటిలో వేయండి. కొంతసేపటికి గాలిలో ఉన్న ముక్కలు నల్లబడతాయి, నిమ్మనీటిలోనివి తెల్లగా ఉంటాయి. కాయలోని ఒక ఎంజైము సహాయంతో గాలిలోని ఆమ్లజని చేసిన పని ఆ నలుపు. నిమ్మరసపు పులుపు ఆ ఎంజైమును నిదానపరుస్తుంది, అందులోని సి విటమిన్ నల్లబడే మార్పును వెనుకకు త్రిప్పుతుంది. కూరకు తరిగిన అరటికాయను మజ్జిగనీళ్లలో వేసే మన గృహిణులు ఈ రసాయన శాస్త్రాన్ని ఎవరూ చెప్పకుండానే ఆచరిస్తున్నారు.

ఈ పనికి శాస్త్రంలో పేరుపెట్టినవారు ఫ్రాన్సు దేశస్థులు. చార్లెస్ మూరో, చార్లెస్ దుఫ్రేస్ అనే రసాయన శాస్త్రజ్ఞులు మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఆక్రోలీన్ అనే పదార్థం నిలవ ఉండక చెడిపోవడాన్ని పరిశీలించారు. హైడ్రోక్వినోన్ వంటి పదార్థాన్ని అతిస్వల్పంగా కలిపితే ఆమ్లజని దానిని చెడగొట్టలేకపోయింది. అటువంటి పదార్థాలను వారు ఆమ్లజని వ్యతిరేకులని వర్ణించారు. మొదట ఈ జ్ఞానం ఉపయోగపడినది రబ్బరు, నూనెల పరిశ్రమలకే.

ఇంతలో జీవకణాలలోనూ అటువంటి పదార్థాలు కనబడసాగాయి. 1921లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాప్‌కిన్స్ గంధకం కలిగిన గ్లూటాథయాన్‌ను కణాలనుంచి వేరుచేశాడు. 1922లో అమెరికాలో ఎవాన్స్, బిషప్‌లు తరువాత ఇ విటమిన్ అని పేరుపొందిన పదార్థాన్ని కనుగొన్నారు. 1928లో ఆల్బర్ట్ సెంట్ జార్జి ఎడ్రినల్ గ్రంథులనుంచి ఒక క్రొత్త ఆమ్లాన్ని వేరుచేశాడు. మూత్రపిండాల నెత్తిపై టోపీలవలె కూర్చుని ఉండే ఆ గ్రంథులలో దొరికిన పదార్థమే సి విటమిన్ అని 1932లో తేలింది.

ఆమ్లజని అపకారం ఎట్లా చేస్తుంది? ఆమ్లజని అణువు నాలుగు ఎలక్ట్రాన్లను స్వీకరిస్తే నీరుగా మారి శాంతిస్తుంది. కాని ఒక్కొక్కప్పుడు ఒక్క ఎలక్ట్రానే దక్కుతుంది. అప్పుడు ఏర్పడేది సూపరాక్సైడు. రెండు దక్కితే హైడ్రోజన్ పెరాక్సైడు. మూడు దక్కితే అన్నింటికంటె తీవ్రమైన హైడ్రాక్సిల్ ప్రాతిపదిక. జత లేని ఎలక్ట్రాను గల ఇటువంటి అణువులను స్వేచ్ఛా ప్రాతిపదికలు లేదా ఫ్రీ రాడికల్సు అంటారు. అవి తమ కొరతను తీర్చుకొనడానికి పక్క అణువులనుంచి ఎలక్ట్రాన్లను లాగుకొంటాయి. లాగుకోబడిన అణువు తన పక్కదానిని లాగుతుంది. ఈ విధంగా ఒక గొలుసు ఏర్పడి కణపు పొరలు, మాంసకృత్తులు దెబ్బతింటాయి.

స్వేచ్ఛా ప్రాతిపదిక ఉండగలదని 1900లోనే మోజెస్ గోంబర్గ్ నిరూపించాడు. అయినా జీవకణంలో వాటికి చోటుంటుందని చాలాకాలం ఎవరూ అనుకోలేదు. 1954లో అర్జెంటీనా దేశపు శాస్త్రజ్ఞురాలు రెబెకా గెర్ష్‌మన్, ఆమె సహచరులు, ఆమ్లజని ఎక్కువైనప్పుడు కలిగే హానీ, ఎక్స్ కిరణాలవలన కలిగే హానీ ఈ ప్రాతిపదికల ద్వారానే జరుగుతున్నాయని సూచించారు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్‌లు నిర్ణయాత్మకమైన సాక్ష్యం చూపించారు. రాగి గల ఒక మాంసకృత్తు రక్తంలో ఉన్నదని 1938 నుంచి తెలుసు. దాని పని ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. సూపరాక్సైడును నిర్మూలించడమే దాని పని అని వారు రుజువు చేశారు. కణంలో కాపలాదారు ఉన్నాడంటే దొంగ కూడా ఉన్నట్లే కదా!

ఆ కాపలాదారు పుట్టించిన హైడ్రోజన్ పెరాక్సైడును కెటలేజ్ అనే ఎంజైము నీరుగానూ ఆమ్లజనిగానూ విడగొడుతుంది. గ్లూటాథయాన్ కూడా ఆ పనిలో తోడ్పడుతుంది. ఒకరు పట్టినదానిని మరొకరు అందుకొనే కావలివరుస ఇది. యాంటీ ఆక్సిడెంట్లు అంటే మనం మింగే మాత్రలు కావు, ముందుగా కణంలో ఉన్న ఈ వరుస అని గ్రహించాలి.

తెల్లకణాల ఆయుధం

సూక్ష్మజీవులను మ్రింగేటప్పుడు తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా ఆమ్లజనిని ఎక్కువగా పీల్చుకొంటాయని 1933లో బాల్డ్రిడ్జి, జెరార్డ్‌లు కుక్కల రక్తకణాలలో గమనించారు. ఎందుకు పీల్చుకొంటున్నాయో 40 సంవత్సరాల తరువాత తెలిసింది. 1973లో బెర్నార్డ్ బాబియర్, అతని సహచరులు ఆ కణాలు సూపరాక్సైడును తయారుచేస్తున్నాయని చూపించారు. ఏ విషాన్ని కణం నిరంతరం నిర్మూలిస్తున్నదో, అదే విషాన్ని తెల్లకణం ఆయుధంగా ప్రయోగిస్తున్నది!

శోథ అంటే ఏమిటో ఇప్పుడు క్రొత్త వెలుగులో కనబడుతుంది. శత్రువును కాల్చడానికి పంటచేలో నిప్పు పెడితే చేను కూడా కాలినట్లు, తెల్లకణాల ఆయుధం మన సొంత కణజాలాన్ని కూడా తాకుతుంది. మూత్రపిండాలకు ఈ బాధ ఎక్కువ. రక్తం అధికంగా వచ్చేదీ అక్కడికే. మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉండేవీ ఆ నాళికలలోనే. జల్లెడలో చిక్కుకొన్న రోగనిరోధక పదార్థాలు తెల్లకణాలను పిలిచేదీ అక్కడే. 1980వ దశకంలో ఎలుకలకు మూత్రపిండాల శోథ కలిగించి కెటలేజ్ ఎంజైమును ఇచ్చి చూడగా, జల్లెడకు కలిగే హాని తగ్గింది. బ్రైట్ చెంచాలో గడ్డకట్టిన ఆల్బుమిన్‌కూ ప్రాణవాయువుకూ గల సంబంధం ఈ విధంగా తేటపడింది.

ఆశ, పరీక్ష

ఇక మార్గం సుగమమే అనిపించింది. శోథలో ప్రాతిపదికలు హాని చేస్తున్నాయి, యాంటీ ఆక్సిడెంట్లు వాటిని అణచివేస్తాయి, కాబట్టి అవి రోగికి ఇస్తే మూత్రపిండాలు బాగుపడాలి. తర్కం చక్కగానే ఉన్నది. అయితే శాస్త్రంలో తర్కం తరువాత పరీక్ష ఉండాలి.

మొదటి ఉదాహరణ. ఎక్స్ కిరణ చిత్రాల కోసం రక్తంలోకి ఎక్కించే కొన్ని మందులు మూత్రపిండాలకు హాని చేయవచ్చు. 2000లో బెర్లిన్ వైద్యులు 83 మంది రోగులపై ఒక పరీక్ష చేశారు. గ్లూటాథయాన్ తయారీకి తోడ్పడే అసిటైల్ సిస్టీన్ ఇచ్చినవారిలో 2 శాతానికి మాత్రమే హాని కలిగింది. ఇవ్వనివారిలో 21 శాతానికి కలిగింది. ఈ వార్తతో అనేక ఆసుపత్రులు దానిని వాడసాగాయి. 2018లో సుమారు 5 వేల మందిపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఆ మందువలన ప్రయోజనం కనబడలేదు.

రెండవది. రక్తంలో సూక్ష్మజీవులు వ్యాపించి శరీరమంతా శోథకు గురైనప్పుడు మూత్రపిండాలు తరచుగా దెబ్బతింటాయి. అటువంటివారికి సి విటమిన్‌ను నరంద్వారా పెద్ద మోతాదులో ఇస్తే మంచిదని చాలమంది నమ్మారు. 872 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. 28 రోజులనాటికి మరణించినవారు లేదా అవయవాలు కోలుకోక డయాలిసిస్ వంటి యంత్రాల ఆధారం, రక్తపోటును నిలిపే మందులు ఇంకా కావలసివచ్చినవారు, సి విటమిన్ పొందినవారిలో 44.5 శాతం, పొందనివారిలో 38.5 శాతం. మేలు చేస్తుందనుకొన్నది కీడు వైపు మొగ్గింది.

మూడవది మరీ ఆలోచింపజేసేది. కణంలోని యాంటీ ఆక్సిడెంటు కావలివరుసను మొత్తంగా మేల్కొలిపే ఒక మీట ఉన్నదని 1990వ దశకంలో తెలిసింది. ఆ మీటను నొక్కే బార్డోక్సొలోన్ అనే మందును మధుమేహంవలన మూత్రపిండాలు చాలావరకు చెడిన 2185 మందిపై పరీక్షించారు. మందు ఇచ్చినవారిలో 96 మందికి గుండె వైఫల్యం తీవ్రమై ఆసుపత్రిలో చేరడమో మరణించడమో జరిగింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో అట్లా జరిగినది 55 మందికే. 2012 అక్టోబరులో ఆ పరీక్షను మధ్యలోనే నిలిపివేశారు.

ఇందులో ఎవరి తర్కమూ మూర్ఖమైనది కాదు. అయితే జీవి పరీక్షనాళిక కాదు. కణం ప్రాతిపదికలను శత్రువులుగానే గాక, సూక్ష్మజీవులను చంపే ఆయుధంగానూ, ఒక కణం మరొక కణానికి పంపే కబురుగానూ వాడుకొంటుంది. అన్నింటినీ ఆర్పివేయాలనుకోవడం వంటింటిలో నిప్పే ఉండకూడదనుకోవడం వంటిది. ఉండవలసినది పొయ్యిలో ఉండేటట్లు చూడడమే వివేకం.

పసుపు, కొబ్బరినీళ్లు

మన దేశంలో ఈ చర్చ పసుపు లేకుండా ముగియదు. దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్లు పసుపుకు ప్రసిద్ధమైనవి. అందులోని పసుపుపచ్చని పదార్థాన్ని 1815లో వోగెల్, పెల్టియర్‌లు వేరుచేశారు. ఆ కర్కుమిన్ నిర్మాణం 1910లో తెలిసింది. పరీక్షనాళికలో అది మంచి యాంటీ ఆక్సిడెంటు. గాయాలు మాన్పడానికి పసుపును వాడడంపై 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చినప్పుడు, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి పాతగ్రంథాల సాక్ష్యంతో పోరాడి 1997లో దానిని రద్దుచేయించింది. అది న్యాయమైన విజయం. అయితే పసుపును మనం ఎప్పటినుంచో వాడుతున్నామని రుజువుకావడం ఒకటి, మూత్రపిండాల వ్యాధిని అది నయం చేస్తుందని రుజువుకావడం మరొకటి. కూరలో వేసే చిటికెడు పసుపుతో భయం లేదు. పసుపు మాత్రలు పెద్ద మోతాదులో వాడితే మూత్రంలో ఆక్సలేట్ పెరుగుతుంది. సి విటమిన్ మాత్రలు మితిమీరినా అంతే. ఆక్సలేట్ స్ఫటికాలు రాళ్లు కావచ్చు, నాళికలను మూసివేయనూ వచ్చు. కేరళలో బిలింబి కాయల రసాన్ని మందుగా ఎక్కువ మోతాదులో త్రాగినవారికి ఇట్లాగే మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు వైద్యులు 2013లో ప్రకటించారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కొబ్బరినీరు 100 మిల్లీలీటర్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక బోండంలో పావులీటరు నీరున్నా 600 మిల్లీగ్రాములు దాటుతుంది. 100 గ్రాముల అరటిపండులో సుమారు 350 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడు తీసుకొన్న పొటాషియంలో దాదాపు 90 శాతాన్ని మూత్రపిండాలు బయటకు పంపివేస్తాయి. కాబట్టి అతనికి అది మేలే. మూత్రపిండాలు చెడినప్పుడు ఆ పొటాషియం రక్తంలో నిలిచిపోతుంది. అది గుండె కొట్టుకోవడాన్ని ఎట్లా మార్చగలదో 1880వ దశకంలో సిడ్నీ రింగర్ కప్పల గుండెలపై చూపించాడు. రక్తంలో అది హద్దుమీరితే గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చు. బోండంలో దోషం లేదు, వడపోసే జల్లెడలో ఉన్నది. అందుచేత ఇతర యాంటీ ఆక్సిడెంట్లు ఎన్ని ఉన్నా, మూత్రపిండాల రోగి ఏ పండు తినవచ్చో, ఏది కూడదో వైద్యుడు రక్తపరీక్ష చూసి చెప్పాలి. పక్కింటివారి అనుభవం అందుకు చాలదు.

మరొక కొబ్బరి సీమ

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కొబ్బరికీ జీడిమామిడికీ పేరెన్నికగన్న ప్రాంతం. దానిని మరో కోనసీమ అని అంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అసాధారణంగా వ్యాపించింది. ఆ రోగులలో చాలమందికి మధుమేహం లేదు. జల్లెడకంటె నాళికలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ ముందుగా చెడడం అక్కడ ఎక్కువ. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరిరైతులలో, మధ్య అమెరికాలోని చెరకు కూలీలలో కూడా ఇటువంటి వ్యాధియే ఉన్నది. ఎండలో శ్రమ, ఒంటిలో నీరు తగ్గడం, త్రాగేనీరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు – వీటన్నింటినీ పరిశోధకులు పరిశీలిస్తున్నారు. ఏదో ఒక్కటే కారణమని నేటివరకు తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైనాయి.

ఉద్దానం ప్రజలు కూరగాయలు, కొబ్బరి తిననివారు కారు. అయినా వ్యాధి వచ్చింది. ఆహారంలో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నంత మాత్రాన మూత్రపిండాలకు రక్షణ దొరకదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. పైగా రోగి మందుల పొడులపై ఆశపెట్టుకొని రక్తపరీక్షను ఆరు నెలలు వాయిదా వేస్తే, ఆ ఆరు నెలలలో నశించిన నెఫ్రాన్లు తిరిగి రావు. ప్రకటనలవలన కలిగే అసలు నష్టం డబ్బు నష్టం కాదు, కాలనష్టం.

చేయవలసినది

రుజువైన మార్గాలు ఆడంబరంగా ఉండవు. రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి. ఒళ్లునొప్పులకు అంగడిలో దొరికే మాత్రలను రోజుల తరబడి మింగకూడదు. అవి శోథను తగ్గిస్తూనే, మూత్రపిండాలకు రక్తాన్ని చేర్చే నాళాలను సంకోచింపజేస్తాయి. ఎండలో పనిచేసేవారికి నీరూ నీడా దొరకాలి. ఏ చెట్టుమందైనా, ఏ మాత్రయైనా వాడుతున్నట్లయితే వైద్యునికి దాచకుండా చెప్పాలి. అన్నింటికంటె ముఖ్యంగా మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారు సంవత్సరానికొకసారి మూత్రంలో ఆల్బుమిన్‌ను, రక్తంలో క్రియాటినిన్‌ను పరీక్ష చేయించుకోవాలి.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని రెండు భాగాలుగా చెప్పవచ్చు. అరటికాయ ముక్కలతో ఆక్సీకరణమంటే ఏమిటో చూపించడం మొదటి భాగం. పళ్లెంలో నిజమైనది శరీరంలోనూ అట్లాగే నిజమౌతుందా అని విద్యార్థులను ప్రశ్నించడం రెండవ భాగం. 83 మందిపై చేసిన పరీక్ష చెప్పినదానిని 5 వేల మందిపై చేసిన పరీక్ష ఎందుకు కాదన్నదో వారినే చర్చించనివ్వాలి. ఆ చర్చ చేయగలిగిన బాలుడు ఇంటికి వెళ్లి, తాతగారి కోసం కొన్న పొడి డబ్బామీది అక్షరాలు చదివి, ఇది ఎంతమందిపై పరీక్షించారని అడుగుతాడు. తాతగారి మూత్రాన్ని ఎప్పుడు పరీక్ష చేయించారని కూడా అడుగుతాడు.